రాత్రి రెండింటికి ఎవరుంటారో అడగండి

ప్రశ్న: అక్కా, నాకిప్పుడు ఏడో నెల, మొదటి కాన్పు. మేముండేది హైదరాబాద్ మియాపూర్‌లో, పుట్టిల్లు ఖమ్మం. మా పెదనాన్న కూతుళ్లిద్దరికీ పురుడు పోసిన డాక్టరమ్మ నర్సింగ్ హోమ్ ఇంటికి దగ్గరే కాబట్టి అక్కడే చేయిద్దామని అమ్మ అంటోంది. మా ఆయనేమో కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, మొదట్నుంచీ ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రిలోనే చూపించుకుంటున్నావు, ఇక్కడే కానిద్దాం అంటారు. అత్తయ్యగారు పంతులుగారితో రెండు ముహూర్తాలు కూడా రాయించి పెట్టారు. నాకు నార్మల్ కావాలని ఉంది, కానీ ప్రైవేటుకు వెళ్తే కోసేస్తారని అందరూ భయపెడుతున్నారు. ప్యాకేజీ అడిగితే నార్మల్‌కి ఒక రేటు, సిజేరియన్‌కి ఒక రేటు చెప్పారు, అందులో ఏవి వస్తాయో ఏవి రావో అర్థం కాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ భయం సంగతి తేలుద్దాం చెల్లెమ్మా, ఎందుకంటే మీవాళ్లు చెప్పేది ఉత్త పుకారేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే. సర్కారు దవాఖానాల్లోనూ 44.5 శాతం ఉంది, అదీ తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటులో 63 శాతం. దేశం మొత్తం మీద ప్రభుత్వ, ప్రైవేటు కలిపి చూస్తే 21.5 శాతమే. మన ఆడవాళ్ల ఒళ్లు మిగతా దేశంలోని ఆడవాళ్ల కంటే అంత వేరుగా ఉండదు కదా.

అయితే ఇదంతా డబ్బు కోసమే అనుకోకండి. మొదటి కాన్పులో నొప్పులు మొదలయ్యాక పన్నెండు, పద్నాలుగు గంటలు పట్టడం మామూలే. ఒక్కరే డాక్టరున్న నర్సింగ్ హోమ్‌లో ఆవిడ పొద్దున ఓపీ చూడాలి, మధ్యాహ్నం ఆపరేషన్లు చెయ్యాలి, రాత్రంతా మీ పక్కన కూర్చోవాలంటే ఎలా కుదురుతుంది? మత్తు డాక్టర్ బయటి నుంచి రావాలి, ఆయన సాయంత్రం ఆరింటికైతే వస్తారు, తెల్లవారుజామున మూడింటికి ఫోన్ ఎత్తుతారో లేదో. అందుకని అందరూ మెలకువగా ఉన్న టైంలోనే పని కానిచ్చేస్తారు. పైగా ఏదైనా తేడా వస్తే బంధువులు అద్దాలు పగలగొడతారన్న భయం ఒకటి. బయట కారిడార్‌లో మనవాళ్లే “పిల్ల అంత బాధ పడుతుంటే చూడలేకపోతున్నాం, ఆపరేషన్ చేసెయ్యండి డాక్టరుగారూ” అని పోరు పెట్టడం ఇంకొకటి. అంటే మీకు నార్మల్ కావాలంటే మంచి డాక్టరుంటే చాలదు, రాత్రంతా మీ పక్కన ఎవరో ఒకరు ఉండి, ఓపిగ్గా కనిపెట్టుకుని, అవసరమైతే అరగంటలో ఆపరేషన్ చేయగలిగే ఏర్పాటు కావాలి.

కాబట్టి రెండు చోట్లా మీరు అడగాల్సింది ఇదీ: రాత్రి రెండింటికి నేను నొప్పులతో వస్తే నన్ను ఎవరు చూస్తారు? డ్యూటీ డాక్టర్ అంటే ఎవరు, గైనకాలజీ చదివినవారేనా, లేక ఉత్త ఎంబీబీఎస్‌లేనా? మా మేడమ్ ఎంతసేపట్లో వస్తారు, ఊళ్లో లేకపోతే ఆవిడ బదులు ఎవరు? మత్తు డాక్టర్ ఆసుపత్రిలోనే ఉంటారా? రక్తం కావాలంటే బ్లడ్ బ్యాంకు ఎంత దూరం? కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే నిమిషాల లెక్కే, అప్పుడు బావగారు బండేసుకుని ఊరంతా తిరగాల్సిన పరిస్థితి ఉండకూడదు. పిల్లల డాక్టర్ కాన్పు టైంకి పక్కనుంటారా, బిడ్డను “బాక్సులో పెట్టాలి” అంటే ఆ బాక్సు ఈ బిల్డింగ్‌లోనే ఉందా, వేరే ఆసుపత్రికి అంబులెన్స్‌లో పంపిస్తారా? తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట అయితే ఇంట్లో మగవాళ్లు పడే తిప్పలు చెప్పనలవి కాదు, పాలు పట్టడం సంగతి సరేసరి.

ఇంకో ప్రశ్న నేరుగా డాక్టర్ గదిలోనే అడగండి. “మేడమ్, మీ దగ్గర మొదటి కాన్పువాళ్లలో నూటికి ఎంతమందికి నార్మల్ అవుతుంది?” ఎంత చెప్పారన్నదాని కంటే ఎలా చెప్పారన్నది గమనించండి. లెక్క చెప్పి, కారణాలు వివరించారా, మంచిదే. “అదంతా దేవుడి దయమ్మా” అని నవ్వేశారా, “ఇంటర్నెట్ చూసి వచ్చావా” అని విసుక్కున్నారా, అయితే నొప్పుల్లో ఉన్నప్పుడు మీ మాట ఎంత వింటారో ఊహించుకోవచ్చు. లేబర్ రూమ్‌లోకి అమ్మనో, మీ ఆయన్నో రానిస్తారా అని కూడా అడగండి. పక్కన సొంత మనిషి ఉంటే నార్మల్ అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెప్తున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు కూడా అదే. నొప్పులు భరించలేనేమో అని భయమైతే నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మత్తు, అదే ఎపిడ్యూరల్, రాత్రిపూట కూడా ఇస్తారా, దానికి విడిగా ఎంత అని అడగండి. నొప్పి భయంతోనే సిజేరియన్ అడిగేవాళ్లు తక్కువేం లేరు, వాళ్లను తప్పు పట్టను కానీ అంతకంటే చిన్న ఉపాయం ఉందని తెలియాలి కదా.

తొమ్మిదో నెలలో మీకు రెండు మాటలు వినపడొచ్చు. ఒకటి, “పేగు మెడకు చుట్టుకుంది”. దాదాపు నాలుగో వంతు పిల్లలకు బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది, చాలామంది అలాగే మామూలుగా పుడతారు, స్కాన్‌లో కనపడినంత మాత్రాన కోయక్కర్లేదు. రెండోది, “డేట్ దాటింది”. అంతా బాగుంటే, బిడ్డ కదలికలూ గుండె కొట్టుకోవడమూ చూసుకుంటూ 41 వారాల దాకా ఆగొచ్చు. కానీ మాయ అడ్డంగా ఉందన్నా, బిడ్డ అడ్డం తిరిగిందన్నా, బీపీ బాగా పెరిగిందన్నా, నొప్పుల్లో బిడ్డ గుండె వేగం పడిపోతోందన్నా, దయచేసి అక్కడ బేరాలొద్దు. సిజేరియన్ వల్ల బతికిన తల్లులూ పిల్లలూ లక్షల్లో ఉన్నారు.

ముహూర్తం సంగతి. అత్తయ్యగారితో గొడవ పెట్టుకోమని చెప్పను, మీ డాక్టర్‌తోనే చెప్పించండి. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా ఆపరేషన్ చేసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. మంచి లగ్నంలో పుట్టి ఐదు రోజులు పసికందుల ఐసీయూ, అంటే ఎన్‌ఐసీయూలో ఉంటే ఆ జాతకం ఎవరు చూస్తారు? ఏ డాక్టరైనా “ముహూర్తమా, ఏ టైమో చెప్పండి” అని మీకంటే ముందే ఉత్సాహపడితే ఆ ఆసుపత్రి గురించి నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

ఇక ప్యాకేజీ. రాసివ్వమని అడగండి, నోటిమాట వద్దు. సాధారణంగా అందులో రాకుండా పోయేవి: ఎన్‌ఐసీయూ (రోజుకింత అని విడిగా వేస్తారు), రక్తం, ఎపిడ్యూరల్, అనుకున్న రోజుల కంటే ఎక్కువ ఉంటే ఆ గది అద్దె, బిడ్డకు చేసే పరీక్షలు, ఒక్కోచోట పిల్లల డాక్టర్ ఫీజు, మందులు కూడా. నార్మల్ అనుకుని లోపలికెళ్లి సిజేరియన్ అయితే రెండింటి బిల్లూ వేస్తారా, ఒక్కటేనా? ఇది అడగని వాళ్లే ఎక్కువ. కంపెనీ పాలసీలో కాన్పు ఖర్చుకు విడిగా ఒక పరిమితి ఉంటుంది, పాలసీ ఐదు లక్షలున్నా కాన్పుకు అందులో కొంతే ఇస్తారు. మీ ఆయన్ని హెచ్ఆర్ దగ్గర ఆ అంకె కనుక్కోమనండి. గది అద్దెకు పరిమితి ఉందేమో కూడా చూడమనండి, పరిమితి దాటిన గది తీసుకుంటే చాలా పాలసీల్లో గది తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. డీలక్స్ రూమ్ మోజులో పడేవాళ్లు డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర తెలుసుకునేది ఇదే. పుట్టిన బిడ్డ పేరు పాలసీలో ఎన్నాళ్లలోపు చేర్పించాలో కూడా అప్పుడే అడగమనండి.

ఖమ్మమా హైదరాబాదా అంటే, బీపీ, షుగర్, కవలలు లాంటివేమీ లేకపోతే, పైన చెప్పిన ప్రశ్నలకు ఆ డాక్టరమ్మ దగ్గర సరైన జవాబులుంటే ఖమ్మమే మంచిది అంటాను. కాన్పయ్యాక అమ్మ చేతి పథ్యం, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునే మనిషి, వీటి విలువ ఏ బ్రోచర్లోనూ రాయరు. కానీ ఖమ్మం వెళ్లేదుంటే 34వ వారానికల్లా వెళ్లిపోండి, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌తో సహా ఫైలంతా తీసుకెళ్లి ఆవిడకు చూపించండి. చివరి వారంలో దాదాపు రెండొందల కిలోమీటర్ల ప్రయాణం, పైగా కేసు కొత్తదని డాక్టర్ విసుగు, రెండూ వద్దు. ఇన్సూరెన్స్ అక్కడ (బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే) క్యాష్‌లెస్ కాకపోతే బిల్లులన్నీ దాచి తర్వాత పెట్టుకోవచ్చేమో ముందే కనుక్కోండి. ఒకవేళ మీకు రిస్క్ ఏదైనా ఉందని తేలితే ఇంక ఆలోచన లేదు, హైదరాబాదే, అమ్మనే ఇక్కడికి రప్పించుకోండి.

ఒక్క మాట, ఇంత ఖర్చు మోయలేమనిపిస్తే ఖమ్మం పెద్దాసుపత్రిలో మాతా శిశు కేంద్రం ఉంది, ఒకసారి వెళ్లి చూసి రండి. చూడకుండానే వద్దనకండి.

ప్రశ్న: మొదటిది సిజేరియన్. రెండేళ్లు దాటింది, ఇప్పుడు నాలుగో నెల. ఒకసారి కోస్తే మళ్లీ కోయాల్సిందే అంటున్నారు. నిజమా? అలాగే బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెడతామనే స్టెమ్ సెల్ బ్యాంకింగ్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కోయాల్సిందే అన్న రూలేమీ లేదు. పోయినసారి కోత అడ్డంగా, గర్భసంచి కింది భాగంలో పడి, ఈసారి ఇంకే ఇబ్బందీ లేకపోతే నార్మల్‌కి ప్రయత్నించవచ్చు. అలా ప్రయత్నించిన వాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి అవుతుంది. అయితే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, కాబట్టి ఇరవై నాలుగ్గంటలూ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం సిద్ధంగా ఉన్నచోటే చేయించుకోవాలి. చిన్న నర్సింగ్ హోమ్‌వాళ్లు “మా దగ్గర కుదరదు” అంటే అది నిజాయితీయే, కోపం తెచ్చుకోకుండా పెద్దచోటికి మారండి, అదీ ఇప్పుడే. పోయినసారి డిశ్చార్జ్ సమ్మరీ వెతికి పెట్టుకోండి, ఎందుకు కోశారో, ఎలా కోశారో అందులో ఉంటుంది. లేకపోతే ఆ ఆసుపత్రికి వెళ్లి కాపీ అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లదే.

స్టెమ్ సెల్ వాళ్లకు వద్దని చెప్పేయండి. బొడ్డుతాడు రక్తాన్ని బిడ్డ సొంత అవసరం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఇంట్లో ఆ రక్తంతో నయమయ్యే జబ్బున్న పిల్లలెవరైనా ఉంటే తప్ప ఆ వేల రూపాయలు దాచుకోండి.