ఎన్నారై సందేహాలు: బ్రేకింగ్ బాల్ అంటే ఒక్క బంతి పేరు కాదు తమ్ముడూ

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి ఎనిమిది నెలలైందండీ. ఆఫీసులో భోజనాల దగ్గర అందరూ ఇక్కడి బేస్‌బాల్ జట్టు రేంజర్స్ ఆట గురించే మాట్లాడుకుంటారు. బ్రేకింగ్ బాల్, స్లైడర్, చేంజప్ అంటుంటారు. నాకేమో అన్ని బంతులూ ఒకేలా కనిపిస్తున్నాయి. వచ్చే నెల టీమంతా స్టేడియంకి వెళ్తున్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు? అలాగే కారు కొనుక్కోవాలా, లీజుకి తీసుకోవాలా?

జవాబు: తమ్ముడూ, కారు సంగతి ముందు తేల్చేస్తాను. వీసా కుదుటపడేదాకా పాత టొయోటా ఒకటి కొనుక్కుని నడుపుకో. ఇక దాని గురించి ఆలోచించకు. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘భోజనాల దగ్గర’ అన్న మాట. అందరూ మాట్లాడుకుంటుంటే డబ్బాలోకి చూస్తూ పులిహోర తినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నేను 2011 జూన్‌లో ఇర్వింగ్‌లో దిగాను. అంతకు రెండు నెలల ముందే, ఏప్రిల్ 2న, ధోనీ సిక్సర్‌తో మనం ప్రపంచ కప్పు గెలిచాం. ఆటల విషయంలో నాకు కొత్తగా ఎవరూ చెప్పాల్సింది లేదన్న ధీమాతో వచ్చాను. ఇప్పుడు మీకు ఫ్రిస్కోలో ఏ మూల చూసినా ఇడ్లీ దొరుకుతోంది, గుడికెళ్తే పది మంది తెలుగువాళ్ళు పలకరిస్తారు. అప్పట్లో నా ప్రాజెక్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఏడు దీపావళి అక్టోబర్ 26న, బుధవారం వచ్చింది. బాల్కనీలో రెండు ప్రమిదలు పెట్టి, గుంటూరుకి ఫోన్ చేసి, టపాకాయల చప్పుడు ఫోన్‌లోనే విని పడుకున్నాను. గురువారం రాత్రి సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ ఆరో ఆట జరిగింది, అంటే రేంజర్స్ ఆడుతున్న బేస్‌బాల్ ఫైనల్ పోరు. జరుగుతోందన్న సంగతి కూడా నాకు తెలియదు.

శుక్రవారం ఆఫీసుకి వెళ్తే చావు జరిగిన ఇల్లులా ఉంది. ఎవరూ తలెత్తడం లేదు. కాఫీ మెషిన్ దగ్గర ఒకాయన ‘అక్కడ చేంజప్ ఎవడైనా వేస్తాడా’ అంటున్నాడు. మన ఉద్యోగాల్లో చేంజ్ అంటే ప్రొడక్షన్‌లోకి పంపే మార్పే కదా. రాత్రి ఏదో పాడైందనుకుని ‘రోల్‌బ్యాక్ చేశారా?’ అని, అంటే మార్పుని వెనక్కి తీశారా అని అడిగాను. సాయం చేద్దామనే అడిగాను. ఆయన నా మొహంలోకి ఓ క్షణం చూసి, కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరో చెప్పారు, అది ఆట మాట అని. తేలిగ్గా తీసుకోండి, ఆటే కదా అన్నాను. అది మొదటి తప్పుకంటే పెద్దది. ఆ రోజు నుంచి చాలా నెలలు నా బల్ల దగ్గర నేనొక్కణ్ణే భోంచేశాను.

ఆ చలికాలమంతా పంతం పట్టి ఒంటరిగా కూర్చుని నేర్చుకోబోయాను. ఏ బంతికి వేళ్ళెలా పెట్టాలో బొమ్మలు చూసి ఎక్సెల్‌లో పట్టికలు రాసుకున్నాను. పధ్నాలుగు రకాల పట్లు కంఠస్థం. టీవీ పెడితే ఒక్కటీ గుర్తుపట్టలేను. నువ్వూ ఇప్పుడు యూట్యూబ్‌లో అదే చేస్తూ ఉంటావు, ఆపెయ్. పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, వాడి వేళ్ళు మనకి కనిపించవు. బంతి ఎక్కడికి పోయిందో, ఎంత వేగంతో పోయిందో, ఆ రెండే కనిపిస్తాయి.

నాకు దారి చూపింది మా టెస్టింగ్ టీమ్‌లో ఉన్న ఒక టెక్సస్ పెద్దాయన. 2012 వేసవిలో ఆయన తనంతట తనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. డెస్కు సొరుగులోంచి ఒక పాత బేస్‌బాల్ తీసి నా చేతిలో పెట్టాడు. నూట ఎనిమిది ఎర్రటి కుట్లు, బరువు మన క్రికెట్ బంతికంటే కొంచెం తక్కువ. ఆ బంతి ఇప్పటికీ నా దగ్గరుంది. ఆయన చెప్పిందే నీకు చెబుతున్నాను.

పిచ్చర్ నిలబడే చోటి నుంచి, బ్యాటర్ పక్కన నేల మీదుండే హోమ్ ప్లేట్‌కి అరవై అడుగుల ఆరంగుళాలు. బంతి మధ్యలో నేలని తాకదు. మన కళ్ళు పిచ్ మీద పడి తిరిగే బంతికి అలవాటు పడ్డాయి. ఇక్కడ కథంతా గాలిలోనే జరుగుతుంది. గంటకి 95 మైళ్ళ వేగంతో వేసిన బంతి చేరడానికి సెకనులో సగం కూడా పట్టదు. తిరుగుతున్న బంతి గాలిని ఒక పక్కకి తోస్తే, గాలి బంతిని రెండో పక్కకి తోస్తుంది. ఏ బంతికి ఏ పేరు పెట్టినా లోపల జరిగేది చాలావరకు ఇదే.

ఫాస్ట్‌బాల్ వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. అందుకే కిందికి పడాల్సినంత పడదు. బ్యాటర్‌కి పైకి లేచినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి లేవదు. దీన్లోనే సింకర్ అని ఒకటి, కుడిచేతి పిచ్చర్ వేస్తే కుడిచేతి బ్యాటర్ మీదికి వస్తూ దిగుతుంది, మన ఇన్‌స్వింగర్‌లా. కట్టర్ దానికి ఎదురు దిక్కుకి కొంచెం జరుగుతుంది. న్యూయార్క్ యాంకీస్ మరియానో రివేరా దాదాపు ఆ ఒక్క కట్టర్‌తోనే 652 సేవ్‌లు చేశాడు, అంటే అన్నిసార్లు గెలుస్తున్న ఆటని చివర్లో వచ్చి కాపాడాడు.

ఇక నువ్వడిగిన బ్రేకింగ్ బాల్. అది ఇంటిపేరు. కర్వ్, స్లైడర్, స్వీపర్ అన్నీ ఆ ఇంటివే. నేనది ఒక్క బంతి పేరనుకుని, నేర్చుకున్నానని చూపించుకోవడానికి ‘అది స్లైడర్ కాదు, బ్రేకింగ్ బాల్’ అని ఒకసారి గట్టిగా వాదించాను. బల్ల మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ వాదన నువ్వు చెయ్యకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కర్వ్ ముందుకి తిరుగుతూ వస్తుంది. గాలి కూడా దాన్ని కిందికే నొక్కుతుంది కాబట్టి భుజం ఎత్తున కనిపించిన బంతి మోకాళ్ళ దగ్గరికి దిగిపోతుంది. మన టాప్‌స్పిన్నర్ గాలిలో ముంచుకొచ్చినట్టే, కాకపోతే ఇంకా చాలా ఎక్కువ. వేగం డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో ఉంటుంది. స్లైడర్ అంతకంటే జోరుగా, ఎనభైల మధ్యలో వస్తుంది. తుపాకీ గుండు తిరిగినట్టు తిరుగుతుంది. సగం దూరం దాకా ఫాస్ట్‌బాల్ అనిపించి, చివర్లో పక్కకి, కిందికి జారుకుంటుంది. కుట్లు ఒక చోట తిరుగుతూ ఎర్ర చుక్కలా కనిపిస్తాయని బ్యాటర్లు అంటారు. పెద్దాయన నాకా చుక్కని బంతి మీద మార్కర్‌తో పెట్టి చూపించాడు. స్వీపర్ కిందికి అంతగా పడదు, అడ్డంగా చీపురుతో ఊడ్చినట్టు పోతుంది. 2023 మార్చిలో మయామీలో, వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్ ఆఖరి బంతికి జపాన్ పిచ్చర్ ఒహతాని, లీగ్‌లో అప్పటి తన సొంత టీమ్ సహచరుడే అయిన అమెరికా బ్యాటర్ మైక్ ట్రౌట్‌ని ఔట్ చేసింది దానితోనే. జపాన్ 3-2తో గెలిచింది. ఆ ఒక్క బంతి నెమ్మదిగా పదిసార్లు చూడు, ఇక స్వీపర్ని మర్చిపోవు.

చేంజప్ బ్రేకింగ్ బాల్ కాదు. చెయ్యి ఫాస్ట్‌బాల్ వేసినంత జోరుగానే తిరుగుతుంది, బంతి మాత్రం ఎనిమిది, పది మైళ్ళు తక్కువగా వస్తుంది. బ్యాటర్ ముందే బ్యాట్ తిప్పేస్తాడు. వేగం కోసం ఎదురుచూసేవాడి మీదే అది పనిచేస్తుంది. ఇది చెప్పి పెద్దాయన 2011 అక్టోబర్ 27 రాత్రికి వెళ్ళాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ కప్పుకి ఒక్క స్ట్రైక్ దూరం. స్ట్రైక్ అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన మంచి బంతి, మూడు పడితే ఔట్. సెయింట్ లూయిస్ బ్యాటర్ డేవిడ్ ఫ్రీస్ కొట్టాడు, జారిపోయింది. పదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ ఒక్క స్ట్రైక్ దూరం, మళ్ళీ జారిపోయింది. పదకొండులో మూడు బాల్స్ (గురి తప్పిన బంతులు), రెండు స్ట్రైకులు ఉండగా మార్క్ లో అనే రేంజర్స్ పిచ్చర్ చేంజప్ వేశాడు. ఫ్రీస్ దాన్ని సెంటర్ ఫీల్డ్ అవతలికి కొట్టాడు. 10-9. మర్నాడు ఏడో ఆట కూడా పోయింది. చెబుతుంటే ఆయన కళ్ళు తడిశాయి. కాఫీ మెషిన్ దగ్గర నేనేమన్నానో అప్పుడు పూర్తిగా అర్థమై, క్షమించమని అడిగాను.

స్ప్లిటర్ గురించి కొద్దిగా. బంతిని రెండు వేళ్ళ మధ్య ఇరికించి వేస్తారు, తిరగడం తక్కువ, ప్లేట్ ముందు కూలిపోతుంది. జపాన్ పిచ్చర్లకి ఇష్టమైన ఆయుధం. నకుల్‌బాల్ దాదాపు తిరగనే తిరగదు, ఎటుపోతుందో వేసినవాడికే తెలియదు. ఇప్పుడు వేసేవాళ్ళు చాలా అరుదు, వదిలెయ్.

ఆ వేసవిలోనే ఆయన నన్ను రేంజర్స్ ఆడే ఆర్లింగ్టన్ తీసుకెళ్ళాడు. అప్పటి స్టేడియానికి పైకప్పు లేదు, రెంటచింతల ఎండ. అంతకుముందు ఒకసారి నేనొక్కణ్ణే వెళ్ళి, డబ్బు పోసి థర్డ్ బేస్ పక్క సీటు కొన్నాను. పక్కనుంచి చూస్తే బంతి అడ్డంగా తిరగడం తెలియదు. ఆయన హోమ్ ప్లేట్ వెనక, పై అంతస్తులో చవక సీట్లు తీసుకున్నాడు. బంతిని చూడొద్దు, బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్ గ్లవ్ చూడమన్నాడు. గ్లవ్ మొదట ఎక్కడ పెట్టాడు, చివరికి ఎక్కడ అందుకున్నాడు, అంతే. ఆ రోజు పిచ్చర్ యూ దర్విష్. ఒక బంతి 95, తర్వాతిది 70 లోపు కర్వ్. స్కోర్‌బోర్డ్ మీద వేగం చూసి, గ్లవ్ కదిలిన దిక్కు చూసి, మూడో ఇన్నింగ్స్‌కల్లా నేను నోరు తెరిచి ‘స్లైడర్’ అన్నాను. పెద్దాయన నా భుజం తట్టాడు. ఈ దేశం వచ్చాక ఒకరు నన్ను అలా తట్టడం అదే మొదటిసారి.

2013లో మళ్ళీ ఏప్రిల్ 2నే, దర్విష్ హ్యూస్టన్‌లో ఇరవై ఆరు మందిని వరసగా ఔట్ చేసి, ఆఖరివాడైన ఇరవై ఏడో మనిషి దగ్గర పర్‌ఫెక్ట్ గేమ్ (ఒక్కణ్ణీ బేస్ చేరనివ్వని ఆట) పోగొట్టుకున్నాడు. అప్పటికి నేను పెద్దాయన ఇంట్లో, ఆయన సోఫాలో కూర్చుని చూస్తున్నాను. ఆయన భార్య నా కోసం మిరపకాయలు వేసి బీన్స్ వండింది. 2023 నవంబర్ 1న రేంజర్స్ మొదటిసారి కప్పు గెలిచిన రాత్రి ఆయన ముందు ఫోన్ చేసింది నాకే.

స్ట్రైక్ జోన్ కొలతలు, బాల్క్, పిచ్ క్లాక్ సెకన్లు, ఇవన్నీ మేజర్ లీగ్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, తీరిగ్గా చదువుకో. ఒక్కటి మాత్రం నా దగ్గరే నేర్చుకో: ‘మా క్రికెట్‌లో అయితే’ అని మొదలుపెట్టకు. నేను ప్రతి మాటకీ అలాగే మొదలుపెట్టి, కూడబెట్టుకున్న ఇద్దరు స్నేహితుల్నీ దూరం చేసుకోబోయాను. ఇన్‌స్వింగర్, టాప్‌స్పిన్నర్ పోలికలు నీ మనసులోనే ఉంచుకో. వాళ్ళే అడిగిన రోజున చెప్పు, అప్పుడు ఇష్టంగా వింటారు.

టీమ్‌తో వెళ్ళేలోపు మీ ఊళ్ళోనే రఫ్‌రైడర్స్ ఆటకి ఒకసారి వెళ్ళు. రేంజర్స్ కింద ఆడే కుర్రాళ్ళ జట్టు, టికెట్ పెద్ద ఖరీదు కాదు. ప్లేట్ వెనక కూర్చో. పక్కన ముసలాయన ఎవరైనా ఒంటరిగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కనిపిస్తే ఆ పక్క సీటే చూసుకో. రెండు స్ట్రైకులు పడగానే, పిచ్చర్ చెయ్యెత్తకముందే, ఆయన వైపు తిరిగి ‘స్లైడరేనంటారా?’ అని అడుగు. తప్పయినా అడుగు. తర్వాత ఏం జరిగిందో నాకు రాయి.