గాలి లెక్కలు రాసే తమ్ముడికి

తమ్ముడూ,

1987 అక్టోబరు 16 తెల్లవారుజామున దక్షిణ ఇంగ్లండును కుదిపేసిన పెనుగాలి మీద నీ వ్యాసం చదివాను. కోటిన్నర చెట్లు కూలిన రాత్రిని కళ్లకు కట్టావు. కానీ వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఇచ్చిన గాలివేగం ఒక అంకెగా రాసి దాటిపోయావు. ఎంత వెడల్పు గడులతో కట్టిన లెక్క అది? ఆ మాట లేకుండా అంకె రాయకు.

మోడల్ భూమిని గడులుగా కోసి, గడికొక గాలివేగం లెక్కిస్తుంది. ఐరోపా వాతావరణ కేంద్రం గతాన్ని తిరగ్గట్టిన ఈఆర్ఏ5లో గడి సుమారు 31 కిలోమీటర్లు. దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లకు ఒకే అంకె! నిజానికి దాని చూపు ఇంకా ముతక. ఒక గాలి రూపం లెక్కలో నిలబడాలంటే ఆరేడు గడులైనా కావాలి, కనుక 200 కిలోమీటర్లకు లోపు ఉన్నవన్నీ మొద్దుబారిపోతాయి. ఆ రాత్రి అతి తీవ్రమైన విసుర్లకు కారణమని చెప్పే గాలిధార మేఘం కొస నుంచి నేలకు దూకింది. స్టింగ్ జెట్ అని 2004లో బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త కీత్ బ్రౌనింగ్ పేరు పెట్టింది దానికే. వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లు, ఆయుష్షు కొద్ది గంటలు. అది లెక్కకు చిక్కాలంటే గడి పది పన్నెండు కిలోమీటర్లకు తగ్గాలి, నిలువునా పొరలు దట్టంగా ఉండాలి. గడిని సగం చేస్తే పని ఎనిమిదింతలవుతుంది: గడులు నాలుగింతలు, లెక్క ముందుకు సాగే కాలం అడుగులు రెండింతలు.

1999 డిసెంబరు 26న ఫ్రాన్సును చీల్చుకుపోయిన లోథార్‌దీ ఇదే కథ. చిన్న తుఫాను, ముతక గడుల్లో పీడనం తగినంత పడదు, గాలి మెత్తబడుతుంది.

1987 గాలిలో ఇంగ్లండు దక్షిణ తీరాన షోరంలో నమోదైన గంటకు 185 కిలోమీటర్ల వేగం క్షణకాలపు విసురు. గడి సగటు పక్కన దాన్ని పెట్టి మోడల్ ఓడిందనడం అన్యాయం. విసురును మోడళ్లు విడిగా అంచనా కడతాయి.

అలాగని సన్న గడి దొరికితే చాలనుకోకు. 1903 ఫిబ్రవరిలో డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో చెట్లు పెకలించి, ఇంగ్లండులో లెవెన్ వంతెన మీద రైలును పడదోసిన గాలికి ఉపగ్రహాల సాక్ష్యం లేదు. ఉన్నవి పాత నివేదికల్లో చేతిరాత బారోమీటరు అంకెలే. స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని కంప్యూటర్‌కెక్కించాక తిరగ్గట్టిన తుఫాను మరింత లోతైంది, అంటే దాని నడిమి పీడనం ఇంకా తగ్గింది, గాలులు వాస్తవానికి దగ్గరయ్యాయి. ఆ కొలతలు లేకుండా గడిని ఎంత సన్నం చేసినా, తప్పుగా మొదలైన తుఫానే మరింత వివరంగా కనబడుతుంది. నీ తరువాతి వ్యాసం ఆ కాగితాల మీద రాయి, పంపు, చదువుతాను.

నీ అక్కయ్య