ఊరి కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఫైబర్ ఇంటర్నెట్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

చిన్న పట్టణంలో ఇన్నాళ్లూ టీవీ ప్రసారాలు ఇస్తున్న కేబుల్ ఆపరేటరే ఇప్పుడు 300 ఎంబీపీఎస్ ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తానంటున్నాడని, దాన్ని తీసుకోవాలా లేక పెద్ద కంపెనీ లైను వచ్చేదాకా ఆగాలా అని మీరు అడిగారు. తీసుకోవచ్చుననే నా అభిప్రాయం. కొన్నేళ్లుగా నేను అటువంటి ఆపరేటర్ లైను మీదే ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్నాను. అయితే ప్లాను మీద రాసిన అంకెను చూసి నిర్ణయించుకోవద్దు. మీ ఇంట్లోకి వచ్చే ఫైబర్ చివర కాంతి ఎంత బలంగా ఉంది, రాత్రి 9 గంటల వేళ ఆపరేటర్ గది నుంచి బయటికి వెళ్లే లింకులో ఖాళీ ఎంత మిగులుతోంది అనే రెండు విషయాలే ఆ లైను మంచిచెడ్డలను తేలుస్తాయి. చిన్న ఆపరేటర్ దగ్గర ఈ రెండింటినీ నేరుగా అడిగి తెలుసుకునే వీలుంటుంది. నేను ఆ వైపు మొగ్గడానికి ముఖ్య కారణం అదే.

ముందుగా, ఆయన ఫైబర్ అంటున్నది మీ గదిలోని పెట్టె దాకా వస్తుందో, వీధిలోనే ఆగిపోతుందో కనుక్కోండి. కేబుల్ టీవీ రంగంలో ఫైబర్ కొత్తదేమీ కాదు. వీధి చివర నోడ్ అనే పెట్టె దాకా ఫైబర్‌లో సిగ్నల్ తెచ్చి, అక్కడి నుంచి ఇళ్లకు రాగి కోయాక్సియల్ తీగలో పంపడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ తీగ మీద కూడా, కేబుల్ తీగలో ఇంటర్నెట్ నడిపే డాక్సిస్ 3.1 వంటి ప్రమాణాలతో మంచి డౌన్‌లోడ్ వేగం ఇవ్వవచ్చు కానీ, సాధారణంగా అప్‌లోడ్ దానిలో చిన్న భాగమే ఉంటుంది. ఇంకొందరు స్తంభం మీదో, ఎవరి డాబా మీదో ఒక స్విచ్ పెట్టె బిగించి, అక్కడి నుంచి ఇళ్లకు మామూలు ల్యాన్ వైరు లాగుతారు. ఈ మూడో పద్ధతిని నేను ఎవరికీ సూచించను. ల్యాన్ వైరు ప్రమాణాల ప్రకారం 100 మీటర్లు దాటకూడదు, దారిలోని ప్రతి పెట్టెకూ కరెంటు కావాలి, దగ్గరలో పిడుగు పడితే అటు స్విచ్ పోర్టూ ఇటు మీ రౌటరూ కాలిపోయే ప్రమాదం ఉంటుంది. గాజుపోగు విద్యుత్తును మోయదు కనుక, ఇంటి లోపలిదాకా ఫైబర్ వచ్చే లైనుకు ఈ బెడద చాలా తక్కువ.

ఇంటిదాకా ఫైబర్ వస్తుందని తేలితే, అది జీపానా ఈపానా అని అడగండి. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే రెండు పద్ధతులు ఇవి. లైను వేసే ఏ ఆపరేటర్‌కైనా ఈ ప్రశ్న అర్థమవుతుంది. జీపాన్‌లో, ఇళ్ల ఫైబర్లన్నీ చేరే ఓఎల్‌టీ అనే యంత్రం ఆపరేటర్ గదిలో ఉంటుంది; దాని ఒక్కో పోర్టు మీద సెకనుకు ఇళ్ల వైపు 2.488 గిగాబిట్లు, ఇళ్ల నుంచి తిరిగి 1.244 గిగాబిట్లు నడుస్తాయి. ఈపాన్‌లో అటూ ఇటూ సుమారు ఒక గిగాబిట్. ఆ ఒక్క పోర్టును, కాంతిని చీల్చి పంచే స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. జీపాన్ పోర్టు మీద 32 ఇళ్లున్నాయనుకుంటే, అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగంతో దించుకున్నా ఇంటికి దాదాపు 77 ఎంబీపీఎస్ వస్తుంది. 64 ఇళ్లుంటే 38 దాకా వస్తుంది. వినడానికి ఇది 300కు ఎంతో దూరంగా ఉన్నా, అందరూ ఒకేసారి పూర్తి వేగం వాడే క్షణాలు అరుదు, ఎందుకంటే హెచ్‌డీ వీడియో చూస్తున్న ఇల్లు ఐదారు ఎంబీపీఎస్ కంటే పెద్దగా వాడదు. అందువల్ల జీపాన్ పోర్టు మీద 300 ఎంబీపీఎస్ ప్లాను అమ్మడంలో మోసమేమీ లేదు. ఈపాన్ పోర్టు మీద 64 ఇళ్లు పెట్టి అదే ప్లాను అమ్ముతుంటే మాత్రం నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

టీవీ కూడా అదే పోగులో వస్తే ఇంటర్నెట్ తగ్గుతుందేమోనని చాలామంది అడుగుతుంటారు. తగ్గదు. ఇంటర్నెట్ ఇంటి వైపు 1490 నానోమీటర్ల కాంతి మీద, ఇంటి నుంచి 1310 మీద ప్రయాణిస్తే, కేబుల్ టీవీ సిగ్నల్ సాధారణంగా 1550 మీద విడిగా వస్తుంది.

ఇక కాంతి బలం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను చూసిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. లైన్‌మెన్ దీన్ని పవర్ అని పిలుస్తారు, డీబీఎంలో కొలుస్తారు, ఇంటి దగ్గర ఇంటర్నెట్ కాంతికి అంకె మైనస్‌లోనే ఉంటుంది. ఈ లెక్కలో మూడు డీబీ తగ్గితే కాంతి సగమైనట్టు. 32 ఇళ్ల స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 17 డీబీ తీసేసుకుంటుంది. దానితో పోలిస్తే ఫైబర్ కిలోమీటరుకు తినేది అర డీబీ లోపే కనుక, మీ ఇల్లు ఆపరేటర్ గదికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉందా నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉందా అన్నది పెద్ద విషయం కాదు. జాయింట్లు ఎన్ని, అవి ఎంత శుభ్రంగా ఉన్నాయి, పోగు ఎక్కడైనా మడత పడిందా అన్నవే అసలు విషయాలు. విస్తృతంగా వాడే బీ ప్లస్ తరగతి జీపాన్ పరికరాల్లో ఇంటి పెట్టె మైనస్ 27 డీబీఎం దాకా సిగ్నల్‌ను చదవగలదు. కానీ ఆ అంచున నడిచే లైను ఎండకూ వానకూ ఊగిసలాడుతుంది. మైనస్ 18కీ 23కీ మధ్య ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. 25 దాటితే సరిచేసి వెళ్లమని అడుగుతాను.

మా ఇంట్లో ఒకసారి ఇంటర్నెట్ గంటకోసారి తెగి, తనంతట తానే తిరిగి రావడం మొదలైంది. పెట్టె మీద ఎర్ర లైటు ఒకటి రెండు సార్లు మినుకుమని ఆరిపోయేది. లైన్‌మ్యాన్ వచ్చి పచ్చ కనెక్టర్‌ను పెట్టె నుంచి ఊడదీసి, పవర్ మీటర్‌ను 1490కి మార్చి పెడితే మైనస్ 28 చూపించింది. ఆయన పెట్టె మార్చలేదు, రీస్టార్ట్ చేసి చూడమని చెప్పి వెళ్లిపోలేదు. మీటర్‌ను నా చేతికిచ్చి, అంకె చూస్తూ ఉండమని చెప్పి, గోడ వెంట వైరును వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య వైరు నలిగి, దాదాపు లంబకోణంలో వంగి ఉంది. ఆయన దాన్ని విడిపించి గుండ్రంగా వదిలిన క్షణంలో మీటర్ మైనస్ 20కి వచ్చింది. వంపు వల్ల పోయే కాంతి పొడవైన తరంగదైర్ఘ్యాల్లో ఎక్కువ కనుక, ఇలాంటి చోట 1310 కంటే ముందు 1490, అంతకంటే ముందు టీవీ మోసే 1550 దెబ్బతింటాయి. టీవీ బొమ్మ చెదరడం, ఇంటర్నెట్ తెగడం కలిసి కనిపిస్తే ముందుగా వైరు వంపులనే వెతకండి.

అలాగే పచ్చ కనెక్టర్ కొన ఎనిమిది డిగ్రీల వాలుతో, నీలి కనెక్టర్ కొన వాలు లేకుండా ఉంటాయి. ఈ రెండింటినీ కలిపితే పోగుల మధ్య ఖాళీ మిగిలి కాంతి వృథా అవుతుంది. బిగించే రోజున రంగులు కలిశాయో లేదో మీరే చూసుకోవచ్చు. ఆ రోజే పవర్ అంకెను అడిగి రాసిపెట్టుకోండి. చాలా పెట్టెల్లో స్టేటస్ పేజీలోనే ఆర్ఎక్స్ పవర్ (అందుతున్న కాంతి) అని కనిపిస్తుంది కనుక, తర్వాత ఎప్పుడు లైను నెమ్మదించినా పాత అంకెతో పోల్చి లోపం ఫైబర్‌లో ఉందో లేదో మీరే తేల్చుకోగలరు.

రెండో విషయం రాత్రి రద్దీ. ఊళ్లో ఫైబర్ ఎంత బాగా వేసినా, ఆపరేటర్ తన పైనున్న పెద్ద ఇంటర్నెట్ సంస్థ నుంచి కొనే లింకు చాలకపోతే సాయంత్రం నుంచి అందరికీ నెమ్మదిస్తుంది. కనెక్షన్ తీసుకునే ముందు నేను అదే లైను ఉన్న ఒక స్నేహితుడి ఇంట్లో, రాత్రి భోజనాల తర్వాత, ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపి పరీక్షించాను. స్పీడ్ టెస్ట్ తానుగా ఎంచుకున్న దగ్గరి సర్వర్‌తో ప్లాను అంకె పూర్తిగా వచ్చింది. దూరపు నగరంలోని మరో సంస్థ సర్వర్‌ను ఎంచుకుంటే సగానికి పడిపోయింది. ఈ తేడా గురించి అడిగితే ఆపరేటర్ తన గదిలో కంప్యూటర్ తెరిచి లింకు గ్రాఫ్ చూపించాడు. పగలంతా గీత ఎగుడుదిగుడుగా ఉంది, రాత్రి 8 నుంచి 11 దాకా మాత్రం పైన నున్నగా, సమతలంగా సాగింది. గ్రాఫ్ అలా పైన కోసినట్టు కనబడిందంటే లింకు నిండిపోయిందన్నమాట. ఇంకో లింకు తీసుకుంటున్నానని ఆయన చెప్పాడు, తీసుకున్నాడు కూడా. గ్రాఫ్ చూపించడానికి వెనుకాడని ఆపరేటర్‌ను నమ్మవచ్చు అని నాకు ఆరోజే అనిపించింది, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఇలాంటి రద్దీ ఉన్నా ఇరుగుపొరుగు వారు లైను బ్రహ్మాండంగా ఉందని చెప్పవచ్చు, అందులో అబద్ధమూ ఉండదు. పెద్ద వీడియో సంస్థల కాష్ సర్వర్లు, అంటే వీడియోల నకళ్లు ఉంచే యంత్రాలు, పై సంస్థ దగ్గరో, మరింత దగ్గరలోనో ఉంటాయి కనుక సినిమాలు ఆగకుండా వస్తాయి. వీడియో కాల్, ఆఫీసు వీపీఎన్, ఆన్‌లైన్ ఆట మాత్రం నిండిన లింకు దాటి వెళ్లాలి కనుక తడబడతాయి. మీరు ఇంటి నుంచి పని చేసేవారైతే పక్కింటివారి మాట కంటే మీ సొంత పరీక్షనే నమ్మండి. డౌన్‌లోడ్ అంకెతో ఆగకుండా, ఒక పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతుండగా పింగ్, అంటే సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం, ఎంతకు పెరుగుతోందో చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 10 మిల్లీసెకండ్లు ఉన్న పింగ్ అప్పుడు 200కు చేరితే, మాట్లాడుతుండగా గొంతు తెగడానికి అదే కారణం. లైనులో డేటా వరుస పేరుకుపోకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉన్న రౌటర్ పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఇంటి లోపల చూసుకోవలసినవి కొద్దే. ఆపరేటర్ ఇచ్చే పెట్టెకు గిగాబిట్ పోర్టు ఉండాలి. 100 ఎంబీపీఎస్ పోర్టు ఉన్న చౌక పెట్టె ఇస్తే మీ 300 ప్లాను వైరు మీద 95 దగ్గరే ఆగిపోతుంది. పోర్టు గిగాబిట్ అయినా 95 దగ్గరే ఆగితే ల్యాన్ వైరును అనుమానించండి, ఎందుకంటే గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, ఒక్క తీగ తెగినా అది 100కు దిగిపోయి నడవవచ్చు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ మీద 300 ఆశించవద్దు, 5 గిగాహెర్ట్జ్ వాడండి. ఎనిమిది బిట్లు ఒక బైట్ కనుక 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 37.5 మెగాబైట్లేనని కూడా గుర్తుంచుకుంటే, డౌన్‌లోడ్ వేగం చూసి అనవసరంగా కంగారు పడరు.

ఇంట్లో కెమెరాలు పెట్టుకుని బయటి నుంచి నేరుగా చూడాలన్నా, సొంత సర్వర్ నడపాలన్నా ఇంకొక ప్రశ్న అడగాలి. ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే పాత తరహా ఐపీవీ4 చిరునామాలు కొరతగా ఉండటంతో చిన్న ఆపరేటర్లు ఎక్కువగా ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతారు. రౌటర్‌లో బయటి కనెక్షన్ వివరాలు చూపే వ్యాన్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా కనిపిస్తే మీరు ఆ పంపకంలో ఉన్నట్టే, బయటి నుంచి మీ ఇంటికి నేరుగా దారి ఉండదు. కొత్త తరహా చిరునామా అయిన ఐపీవీ6 ఇస్తారా, లేదా మీ ఒక్కరికే విడిగా పబ్లిక్ ఐపీ ఇస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి.

కరెంటు పోయినప్పుడు కూడా పని సాగాలంటే ఫైబర్ లైనుకు గొప్ప వెసులుబాటు ఉంది. స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు కనుక, ఆపరేటర్ గదిలో బ్యాటరీలు ఉండి, మీ పెట్టెకూ రౌటర్‌కూ ఒక చిన్న డీసీ యూపీఎస్ ఉంటే, మధ్యలో వీధులన్నీ చీకట్లో ఉన్నా మీ ఇంటర్నెట్ నడుస్తుంది. మా ఇంట్లో అలాగే నడుస్తోంది. దీనికి ఆపరేటర్ గదిలో ఎన్ని గంటల బ్యాకప్ ఉందో తెలుసుకోవాలి. పై సంస్థ నుంచి వచ్చే లింకు ఒక్కటేనా, వేరే దారిలో రెండోది ఉందా అన్నదీ అడగండి. ఒక్కటే ఉంటే, రోడ్డు తవ్వకంలో అది తెగిన రోజున అతికేదాకా ఊరంతా ఆగిపోతుంది. అటువంటి రోజులు నేను చూశాను. మీ వీధిలో వైరు తెగితే చిన్న ఆపరేటర్ మనిషి నిచ్చెన వేసుకుని త్వరగా వస్తాడు కానీ, ఎక్కడో దూరాన ఉన్న లింకు తెగితే ఆయన చేయగలిగింది తక్కువ.

డబ్బు విషయంలో ఒక్క మాట. ఏడాదికి కలిపి కడితే తగ్గింపు ఇస్తానంటే వెంటనే ఒప్పుకోకండి. మొదట నెలవారీగా తీసుకుని, ఒక వానాకాలపు రాత్రి, ఒక సెలవు రోజు సాయంత్రం, ఒక కరెంటు కోత దాటేదాకా చూడండి. అందాకా మొబైల్ డేటాను ప్రత్యామ్నాయంగా ఉంచుకోండి. ఆ తర్వాత పవర్ అంకె మొదటి రోజున రాసుకున్న దగ్గరే ఉండి, రాత్రి పరీక్షలో దూరపు సర్వర్‌కు కూడా కనీసం ప్లానులో మూడొంతులు వస్తుంటే, ఏడాది ప్లాను నిరభ్యంతరంగా కట్టవచ్చు.