రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ నొప్పేంటి?

ప్రశ్న: పోయిన వేసవిలో బయటి తిండి పడక వారంపాటు విరేచనాలయ్యాయి. అవి తగ్గాయి గానీ అప్పటినుంచి పాలు తాగినా, చపాతీ తిన్నా కడుపులో మెలిపెడుతోంది. ఎలర్జీ టెస్టుతో సహా అన్నీ నార్మల్. డాక్టరుగారు టెన్షన్ అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: టెన్షన్ నొప్పిని పెంచుతుందండీ, కానీ నెపమంతా దానిమీదే వేసేయడం నాకు నచ్చదు. పేగు గోడలో పది కోట్లకు పైగా నరాల కణాలుంటాయి, వాటిని ఆనుకునే రోగనిరోధక కణాలూ ఉంటాయి. మామూలుగా ఈ రోగనిరోధక కణాలు తిండి జోలికి పోవు. బెల్జియంలోని లువెన్ పరిశోధకులు ఎలుకలకు పేగు ఇన్ఫెక్షన్ తెప్పించి, అదే సమయంలో గుడ్డు తెల్లసొనలోని ప్రొటీన్ పెట్టారు. బ్యాక్టీరియా పోయాక కూడా ఆ ప్రొటీన్ తగిలితే చాలు, పేగులోని మాస్ట్ కణాలు (ఇవీ రోగనిరోధక కణాలే) హిస్టమిన్ అనే ఎలర్జీ రసాయనం వదలడం, దాంతో నరాలు రెచ్చిపోయి నొప్పి పుట్టడం. ఈ ఎలర్జీ పేగు వరకే పరిమితం, అందుకే మామూలు ఎలర్జీ టెస్టుల్లో పడకపోవచ్చు. తర్వాత ఐబీఎస్ (రిపోర్టుల్లో ఏమీ తేలకపోయినా తరచూ కడుపునొప్పి, విరేచనాల తేడా ఉండే జబ్బు) ఉన్న 12 మందికి పాలు, గోధుమ, సోయా వంటివాటి సారాన్ని పేగు గోడలోకే ఇంజెక్షన్ చేస్తే, అందరికీ కనీసం ఒకదానికి రియాక్షన్ వచ్చింది (2021లో వచ్చిన ఫలితాలివి, చిన్న పరీక్షే లెండి). మీదీ ఇదేనని ఇక్కణ్ణుంచి చెప్పలేను. ఏం తింటే ఎప్పుడు నొప్పి వస్తోందో రాసుకుని గ్యాస్ట్రో డాక్టరుకు చూపించండి, సొంతంగా యాంటీబయాటిక్స్ మాత్రం వాడకండి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా వెంటనే వెళ్లండి.