ఎర్రగీతలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ప్రశ్న: నేను తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు టెర్మినల్‌లో బాగానే కంపైల్ అవుతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో క్లాంగ్‌డీ అనే సీ ప్లస్ ప్లస్ లాంగ్వేజ్ సర్వర్ పెట్టుకున్నాక మాత్రం ఫైలు నిండా ఎర్రగీతలే. ఇలాంటి వాటిపై సమయం దండగ అని, ప్లేస్‌మెంట్ల కోసం ప్రాబ్లమ్స్ చేసుకుంటే చాలని సీనియర్లు అంటున్నారు. వదిలేయమంటారా?

జవాబు: వదిలేయవద్దు. ఎంపిక పరీక్షల్లో చాలాచోట్ల ఎడిటర్ సాయం ఉండదు కాబట్టి, ఆ సాయం లేకుండా రాసే సాధన మీకు అవసరమే. అంతవరకు సీనియర్ల మాట నిజం. అయితే ఉద్యోగంలో చేరాక మీ చేతికి వచ్చేది ఇతరులు రాసిన పెద్ద ప్రోగ్రాము. అందులో ఒక ఫంక్షన్ ఎక్కడ ఉందో, దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారో వెతికి చూపేది లాంగ్వేజ్ సర్వరే, అంటే కోడ్‌ను చదివి అందులోని సంగతులను ఎడిటర్‌కు చెప్పే ప్రోగ్రామే.

ఎడిటర్, సర్వర్ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాష కోసం విడిగా ఏర్పాటు చేయవలసి వచ్చేది. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను (ఎల్‌ఎస్‌పీ, అంటే ఎడిటర్, సర్వర్ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతిని) ప్రకటించాక, ఒక భాషకు ఒక సర్వర్ రాస్తే దాన్ని అనేక ఎడిటర్లు వాడుకునే వీలు కలిగింది. గీత గీసేది ఎడిటరే అయినా, అక్కడ తప్పుందని చెప్పేది సర్వర్. టెర్మినల్‌లో హెడర్ ఫైళ్ల ఫోల్డర్‌ను మీరు ఫ్లాగ్‌తో, అంటే కంపైల్ ఆదేశానికి జోడించే సూచనతో, చూపి ఉంటారు. ఆ సంగతి క్లాంగ్‌డీకి ఎవరూ చెప్పలేదు.

చిత్తూరు నుంచి ఒక విద్యార్థి ఇదే బాధతో లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. అప్పటికే ఎడిటర్‌ను మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాడు గానీ, సర్వర్ తన పనిని, దోషాలను రాసుకునే లాగ్‌ను ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిపించి, మొదటి దోషాన్ని పైకి చదవమన్నాను. ‘స్టాక్.హెచ్ ఫైల్ నాట్ ఫౌండ్’ అని చదివి, ఆ హెడర్ వేరే ఫోల్డర్‌లో ఉందని తనే గుర్తించాడు. అది దొరకనందువల్లే అందులోని పేర్లన్నీ కింద తెలియని పేర్లుగా మారి, ఒక్క లోపం నలభై గీతలుగా కనిపించింది.

మీరు ప్రాజెక్టును బిల్డ్ చేయడానికి సీమేక్ అనే సాధనాన్ని వాడుతుంటే, ఏ ఫైలును ఏ ఫ్లాగ్‌లతో కంపైల్ చేయాలో తెలిపే కంపైల్ కమాండ్స్ జేసన్ ఫైలును తయారుచేసే ఐచ్ఛికాన్ని ఆన్ చేయండి. బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్నా క్లాంగ్‌డీ దాన్ని వెతుక్కుంటుంది. చిన్న ప్రాజెక్టయితే, కంపైల్ ఫ్లాగ్స్ అనే టెక్స్ట్ ఫైలును ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టి, వరుసకు ఒక ఫ్లాగ్ చొప్పున రాస్తే సరిపోతుంది. ఆ తర్వాత సర్వర్‌ను మళ్లీ ప్రారంభించండి. మైక్రోసాఫ్ట్ వారి సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంటే, అందులో ఇలాగే కోడ్‌ను పరిశీలించే ఇంటెల్లీసెన్స్‌ను ఆపేయండి. రెండూ ఒకే ఫైలుపై తీర్పులు చెబితే ఏ గీత ఎవరిదో తేలదు.

పైథాన్‌లో పైరైట్ అనే సర్వర్‌తోనూ ఇదే చిక్కు వస్తుంది. అక్కడ చూపవలసింది వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను, అంటే ఆ ప్రాజెక్టు లైబ్రరీలు ఉండే ప్రత్యేక ఫోల్డర్‌ను. నియోవిమ్ అనే ఎడిటర్‌లోనూ 2021లో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి ఎల్‌ఎస్‌పీ సదుపాయం ఉంది కనుక, రేపు ఎడిటర్ మారినా ఈ అవగాహన మీతోనే వస్తుంది. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే, ఈ లోపాన్ని ఏ వరుసక్రమంలో పట్టుకున్నారో తప్పక చెప్పండి.

దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. అప్పటికీ గీతలు పోకపోతే, లాగ్‌లోని మొదటి దోషాన్ని, టెర్మినల్‌లో మీరిచ్చే పూర్తి ఆదేశాన్ని, ఫోల్డర్ల పేర్లను కలిపి నాకు రాయండి.