యాభయ్యో పుట్టినరోజుకి ఒక్కదాన్నే లంక వెళ్ళొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని, మాది రాజమండ్రి. వచ్చే మే నెలలో నాకు 50 నిండుతాయి. పెళ్ళయినప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా నలుగురితోనే వెళ్ళాను, కాశీ అయినా తిరుపతి అయినా అత్తగారి మందులు, పిల్లల బ్యాగులు, మావారి కాఫీ టైము చూసుకోవడంతోనే సరిపోయేది, ఏ ఊళ్ళో ఏం చూశానో కూడా సరిగ్గా గుర్తులేదు. ఈసారి చీటీ పాడిన డబ్బులున్నాయి, ఒక్కదాన్నే శ్రీలంక వెళ్ళి ఓ వారం ఉండి రావాలనుంది. మావారు వద్దనట్లేదు గానీ "ఒక్కదానివే ఎందుకు, నలుగురూ ఏమనుకుంటారు" అని రోజూ సణుగుతున్నారు. మా అమ్మాయేమో ఫంక్షన్ హాల్ బుక్ చేస్తానంటోంది. మా తోడికోడలు ఓ ఉపాయం చెప్పింది, శాంకరీదేవి శక్తిపీఠం అక్కడే కదా అక్కా, మొక్కు ఉందని చెప్పెయ్, ఒక్కరూ నోరెత్తరు అని. అలా చెప్పేయొచ్చా? పెళ్ళైనవాళ్ళకి భర్త సంతకం లేకపోతే పాస్‌పోర్టే ఇవ్వరని మా స్టాఫ్‌రూంలో ఒకరన్నారు, నిజమేనా? నాకు ఇంగ్లీష్ అంతంతమాత్రం, పైగా శాకాహారిని. భయంగానూ ఉంది, వెళ్ళాలనీ ఉంది.

జవాబు: ముందు ఆ సంతకం సంగతి తేల్చేద్దాం అండి. పాస్‌పోర్ట్‌కి గానీ ప్రయాణానికి గానీ భర్త సంతకం అక్కర్లేదు, పెళ్ళి సర్టిఫికెట్ కూడా అడగరు. మీకు నిజంగా కావాల్సిన సంతకం ఇంకోటుంది, అది మీ డిపార్ట్‌మెంట్‌ది. గవర్నమెంట్ ఉద్యోగులు సెలవుల్లో వెళ్ళినా సరే విదేశాలకి పర్మిషన్ తీసుకోవాలి, ఆ కాగితం మీ హెడ్మాస్టర్ దగ్గర్నుంచి పైకి వెళ్ళి కిందికి రావడానికి ఎంత టైం పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు, కాబట్టి టికెట్ కంటే ముందు అది పెట్టేయండి. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి. వీసా ఆన్‌లైన్లోనే అప్లై చెయ్యొచ్చు, కాకపోతే గూగుల్లో కొట్టగానే పైన కనపడేవాటిలో గవర్నమెంట్ సైట్‌లా కనిపించే ఏజెంట్ల సైట్లుంటాయి, ఫీజు మీద ఫీజు లాగుతారు, శ్రీలంక ప్రభుత్వం సైట్ అవునో కాదో చూసుకుని డబ్బు కట్టండి.

ఇప్పుడు మొక్కు విషయం. చెప్పొద్దండి. ఇది పాపమనో పుణ్యమనో కాదు, మొక్కు అని ఒక్కసారి అన్నారంటే ఆ ప్రయాణం మీ చేతిలోంచి జారిపోయినట్టే. మొక్కంటే మీవారూ వస్తారు, అత్తగారు నన్నూ తీసుకెళ్ళమంటారు, తోడికోడలు కూడా సూట్‌కేసు సర్దుకున్నా ఆశ్చర్యం లేదు. మళ్ళీ మందులు, బ్యాగులు, కాఫీ టైము. మీరు వెళ్తానంటున్నదే అవేవీ లేకుండా ఓ వారం గడపడానికి కదా. "నా యాభయ్యో పుట్టినరోజుకి ఒక్కదాన్నే వెళ్ళాలనుంది, అంతే" అని అందరూ కూర్చున్నప్పుడు ఓసారి చెప్పేయండి, ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లడిగినా అదే మాట చెప్పండి, కొత్త కారణాలు వెతకొద్దు, కారణం చెప్పినకొద్దీ వాదన పెరుగుతుంది. అమ్మాయికి హాల్ మీద అంత మోజుంటే మీరొచ్చాక చేసుకోమనండి. మీ వారు "నలుగురూ" అంటున్నారే, ఆ నలుగురి పేర్లు ఓసారి అడిగి చూడండి, సాధారణంగా ఒకటిన్నర పేరు దగ్గర ఆగిపోతారు.

శాంకరీదేవిని చూడాలని మీకే ఉంటే అది వేరే విషయం, తప్పకుండా చూడండి. "లంకాయాం శాంకరీ దేవి" అని అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రం మొదలయ్యేదే అక్కడ, మీ పక్కనున్న పిఠాపురం, ద్రాక్షారామం పేర్లు కూడా అందులోవే. అది ట్రింకోమలీలో కోణేశ్వరం గుడి దగ్గర, సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన కొండ మీద. పాత గుడిని 1622లో పోర్చుగీసువాళ్ళు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. మే నెలలో తూర్పు తీరం పొడిగా ఉంటుంది, కాబట్టి మీ సెలవులకి సరిగ్గా సరిపోతుంది. ఎండ మాత్రం రాజమండ్రి ఎండే అనుకోండి.

వారానికి రెండే ఊళ్ళు పెట్టుకోండి, కాండీ ఒకటి, ట్రింకోమలీ ఒకటి. మధ్యలో రోడ్డు మీద నాలుగైదు గంటలు. దారిలోనే సిగిరియా వస్తుంది, 1200 మెట్లు, మోకాళ్ళు ఒప్పుకుంటే పొద్దున్నే ఎక్కేయండి, లేకపోతే కింద తోటల్లోంచి ఆ కొండని చూసినా చాలు. ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే సార్క్ దేశాల టికెట్ రేటుంటుంది, కౌంటర్లో అడగండి. కొలంబో, గాలే, నువర ఎలియ, ఎల్లా అన్నీ కలిపి వారంలో తిప్పేసే ప్యాకేజీలు దొరుకుతాయి గానీ అవి బస్సు కిటికీలోంచి చూసే శ్రీలంకలు. కొండ రైలు ఎక్కాలనుంటే కాండీ నుంచి నాను ఓయా వైపు వెళ్ళొచ్చు, కానీ 2025 నవంబర్లో దిత్వా తుఫానుకి ఆ లైను బాగా దెబ్బతింది, ఏ స్టేషన్ దాకా నడుస్తోందో చూసుకున్నాకే ప్లాన్ చేసుకోండి. ఏసీ బోగీలో కిటికీలు తెరుచుకోవు, సెకండ్ క్లాస్ రిజర్వుడు హాయి.

కాండీ మీకు నచ్చుతుందని నా నమ్మకం. ఊరి మధ్య చెరువు, చెరువు గట్టున బుద్ధుడి దంతం ఉన్న గుడి, దాన్ని దలద మాళిగావ అంటారు. ఆ చెరువు తవ్వించింది కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ, వాళ్ళది తెలుగు మూలాలున్న నాయకర్ల వంశం, 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలింది వాళ్ళే. ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకుని మన వెల్లూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయారు. సోషల్ పాఠంలో పిల్లలకి చెప్పుకోవడానికి పనికొస్తుంది.

ఇక భయం గురించి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు దొంగల గురించి భయపడతారు, నిజానికి కష్టమయ్యేది సాయంత్రం ఏడు గంటలు. పగలంతా బానే తిరుగుతారు, చీకటి పడ్డాక గదికొచ్చి మంచం మీద కూర్చోగానే ఎందుకొచ్చానురా బాబూ అనిపిస్తుంది, వెంటనే ఇంటికి ఫోన్ చేస్తారు, అక్కడేమో కూరలో ఉప్పు ఎంతెయ్యాలని అడుగుతారు. అందుకని సాయంత్రాలకి ముందే ఏదో ఒకటి పెట్టుకోండి. దలద మాళిగావలో ఆరున్నర ప్రాంతంలో సాయంత్రం పూజ, డప్పులు మోగుతుంటే తామర పూలు పట్టుకుని జనం వరసలో కదుల్తుంటారు, రెండు సాయంత్రాలు వెళ్ళినా విసుగు రాదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, మీ చీర చాలు. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ మాత్రం తీసుకోవద్దు, చాలా తప్పుగా చూస్తారు. మీ తేదీలు బుద్ధ పూర్ణిమకి కలిస్తే అదృష్టమే, దాన్ని వాళ్ళు వెసాక్ అంటారు, వీధినిండా కాగితపు లాంతర్లు కడతారు, రోడ్డు పక్క దన్సల్ అని పందిళ్ళేసి దారిన పోయేవాళ్ళందరికీ ఉచితంగా అన్నం పెడతారు. కాకపోతే ఆ రోజుల్లో బస్సులూ రైళ్ళూ కిటకిట, గది చాలా ముందే బుక్ చెయ్యాలి.

తిండికి బెంగ లేదు. పొద్దున ఇడియాప్పం, పప్పు కూర, మధ్యాహ్నం అన్నంతో మూడు నాలుగు కూరలు. లేత పనసకాయని కొబ్బరిపాలల్లో వండే పొలోస్ అని ఒకటుంది, మీరు గోదావరి వాళ్ళు, పనసపొట్టు కూర తిని పెరిగినవాళ్ళు, మీకు చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, ఎర్రగా ఉండే కొబ్బరి పచ్చడి, పోల్ సంబోల్, ప్రతి ప్లేట్లోనూ వస్తుంది, చూడ్డానికి అచ్చం మన కొబ్బరికారమే గానీ చాలాచోట్ల అందులో ఎండుచేప పొడి కలుపుతారు. దాన్ని ఉంబలకడ అంటారు. "ఉంబలకడ ఎపా" అంటే వద్దని అర్థమవుతుంది, వెజిటేరియన్ అంటే మాత్రం కొందరు చేప పొడిని లెక్కలోకి తీసుకోరు.

ఫ్లైట్ పగలు దిగేలా చూసుకోండి. టైం మనదే, గడియారం మార్చక్కర్లేదు. ఆటోలకి పిక్‌మీ యాప్ పెట్టుకుంటే బేరం గొడవ ఉండదు, ఇంగ్లీష్ కూడా పెద్దగా అవసరం పడదు. "గుడి ఇవాళ మూసేశారు మేడం, దగ్గర్లో జెమ్స్ షాపుంది" అని ఎవరన్నా అంటే నవ్వేసి ముందుకెళ్ళండి, గుడి తెరిచే ఉంటుంది. రద్దీ బస్సులు వద్దు, అక్కడా మన బస్సుల్లో ఉండే చేతులే ఉంటాయి. యూపీఐ అక్కడ 2024 ఫిబ్రవరిలో మొదలైంది గానీ దాన్నే నమ్ముకోకుండా కొంచెం క్యాష్ పెట్టుకోండి. టూరిస్ట్ పోలీస్ 1912, అంబులెన్స్ 1990, ఫ్రీ. ఆ 1990 అంబులెన్సులు మన ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో మొదలయ్యాయి, నడపడం నేర్పింది మన దగ్గర 108 నడిపిన హైదరాబాద్ సంస్థే, ఈ ముక్క మీ అత్తగారికి చెప్పండి, కొంచెం కుదుటపడతారు.

ప్రశ్న: మా నాన్నగారికి వచ్చే నెల 60. అమ్మ లేరు. షష్టిపూర్తి ఏమీ వద్దు, ఒక్కడినే సింగపూర్ వెళ్ళొస్తానంటున్నారు. పంపితే కొడుకు వదిలించుకున్నాడంటారు మా బంధువులు. బీపీ ఉంది, రాత్రి నిద్రకి ఓ మాత్ర వేసుకుంటారు. ఏం చెయ్యాలి? - కరీంనగర్ నుంచి ఓ పాఠకుడు

జవాబు: పంపించండి బాబూ. షష్టిపూర్తి అంటే దంపతులిద్దరూ పీటల మీద కూర్చునే వేడుక, పక్కన అమ్మ లేకుండా అందరి మధ్యా కూర్చోవడం ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించండి, నోటితో చెప్పకపోయినా ఆయన అడుగుతున్నది అదే అనిపిస్తోంది నాకు. బంధువుల మాట ఎలాగూ ఆగదు, పంపకపోతే ముసలాయన్ని కట్టిపడేశాడంటారు.

ఒంటరిగా తిరగడానికి సింగపూర్ అంత సులువైన ఊరు తక్కువ, బ్యాంక్ కార్డ్ గేటుకి ఆనిస్తే మెట్రో ఎక్కేయొచ్చు, అది ఇంటర్నేషనల్‌కి ఆన్ చేసి ఉందో లేదో చూడండి. సెరంగూన్ రోడ్డు దగ్గర హోటల్ చూస్తే ఇడ్లీ, పెరుమాళ్ గుడి రెండూ నడిచెళ్ళే దూరంలో ఉంటాయి. మీరు పట్టించుకోవాల్సింది ఆ నిద్ర మాత్ర. సింగపూర్లో మందుల రూల్సు గట్టివి, కొన్ని నిద్ర మాత్రలకీ గట్టి నొప్పి మాత్రలకీ ముందే అనుమతి తీసుకోవాలి. మాత్ర అసలు పేరు డాక్టర్‌ని అడిగి, వాళ్ళ హెల్త్ సైన్సెస్ అథారిటీ సైట్‌లో చూసి, కావాలంటే ఈ వారమే అప్లై చేసేయండి. మందులన్నీ స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో పాటు చేతి బ్యాగులో పెట్టండి, డబ్బాలో కలిపి పొయ్యొద్దు. వీసా ఏజెంట్ ద్వారానే చెయ్యాలి గానీ అరైవల్ కార్డ్ మాత్రం దిగేముందు మూడు రోజుల్లోపు మీరే ఆన్‌లైన్లో నింపొచ్చు, దానికి పైసా కట్టక్కర్లేదు, ఎవరైనా డబ్బడిగితే అది వేరే సైట్ అన్నమాట.