మావారు అర్ధరాత్రి దాకా డైనోసార్లు చేస్తున్నారు

ప్రశ్న: మాది గాజువాక. మావారికి 51, ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. ఏడాదిగా రాత్రి రెండింటిదాకా షార్ట్స్ చూడ్డం, సినిమాల్లో గ్రాఫిక్స్ ఎలా చేశారో చూడ్డం, మా అబ్బాయి పాత లాప్‌టాప్‌లో బ్లెండర్ అని ఏదో పెట్టుకుని బొమ్మలు చెయ్యడం. మొన్న ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ పక్కన డైనోసార్ నడిచినట్టు పది సెకన్ల వీడియో చేశారు. సాయంత్రం తీసిన వీడియో, మనుషుల నీడలన్నీ సముద్రం వైపుంటే దాని నీడ మాత్రం రోడ్డు వైపుంది! "ముసలోడికి దసరా పండగ" అన్నానని వారం నుంచీ మాట్లాడట్లేదు. ఇప్పుడు 80 వేలు పెట్టి కొత్త కంప్యూటర్ వాయిదాల్లో కొంటారట, అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు ఇంకా కట్టలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ఫీజు మాట ముందు చెప్పేస్తా. కంప్యూటర్ ఇప్పుడొద్దు, ఫీజు కట్టాకే. ఇందులో మొహమాటం ఏం లేదు, ఆయనకీ అదే చెప్పండి. బ్లెండర్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, 2025లో యానిమేషన్‌కి ఆస్కార్ తెచ్చుకున్న లాత్వియా సినిమా 'ఫ్లో' దాంట్లోనే చేశారు, కాబట్టి ఖరీదైన డబ్బా లేకపోతే ఇక పనే అవదు అనేది కుదరదు.

ఇంక నిద్ర. ఇదే నాకు భయంగా ఉంది. ఎ షిఫ్ట్ అంటే పొద్దున్న ఆరింటికి డ్యూటీ, రెండింటికి పడుకుని లేచి క్రేన్ ఎక్కే మనిషి, కింద ఇంకో నలుగురు పనిచేస్తుంటారు, దీన్ని సరదా ఖాతాలో వెయ్యలేం. మా మేనల్లుడు ఈ గ్రాఫిక్స్ పనే చేస్తాడు కాబట్టి కాస్త తెలుసు, వీడియోలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, పది సెకన్లకి 240, పాత లాప్‌టాప్‌లో ఒక్కో ఫ్రేముకి మూడు నిమిషాలనుకున్నా మొత్తం 12 గంటలు. అంతసేపూ మనిషి కాపలా ఉండక్కర్లేదమ్మా! తొమ్మిదింటికి రెండర్ బటన్, అంటే ఆ ఫ్రేములన్నీ కంప్యూటరే తయారుచేసే బటన్ నొక్కి, లాప్‌టాప్‌ని పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టి పడుకోవచ్చు. మీవారు మాత్రం "అది అవుతోంది కదా" అని పక్కనే కూర్చుని షార్ట్స్ తిప్పుతుంటారని నా అనుమానం, రెండింటిదాకా మేలుకునేది ఎక్కువగా దానికే అయ్యుంటుంది. బ్లెండర్‌లోనే సైకిల్స్ అనే రెండర్ పద్ధతి బదులు ఈవీ అనే పద్ధతిలో చేస్తే నిమిషాల పని చాలావరకు సెకన్లలో అవుతుంది, ఈ ముక్క ఆయన చెవిన వెయ్యండి. కరెంటు బిల్లు గురించి గొడవ పడకండి, లాప్‌టాప్ వంద వాట్లు లాగినా 12 గంటలకి యూనిట్ పైన కాస్త, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివా. విశాఖలో సముద్రం తూర్పున, సాయంత్రం పొద్దు ఊరి వెనకాల పడుతుంది, నీడలు నీళ్ల వైపే పోవాలి. డైనోసార్ నీడ ఒక్కటే తేడాగా ఉందని పది సెకన్లలో పట్టేశారు మీరు. లైట్ ఏ వైపు పెట్టాలి అనేది ఈ పనిలో సగం విద్య, కోర్సులు కట్టిన పిల్లలు కూడా తప్పుతుంటారు. అంత కన్నున్న మనిషి ఆయనకి ఆ మాట చెప్పకుండా సామెత విసిరారు, అదీ ఎవరెదురుగా అన్నారో రాయలేదు కానీ పిల్లలెదురుగానే అని అనుకుంటున్నా. ఆయన బాధ అదే. పాతికేళ్ళుగా షిఫ్టులు తిరిగిన మనిషి తొలిసారి తనకోసం ఏదో చేసి చూపించాడు మరి.

సారీ అంటూ పెద్ద సీన్ చెయ్యకండి, మీ ఇద్దరికీ ఇబ్బందే. టీ ఇస్తూ "ఆ నీడ అటు తిరగాలండీ, సూర్యుడు వెనకుంటే" అనండి చాలు. లాప్‌టాప్ తెరిచేస్తారు, చూడండి. అప్పుడే పదిన్నరకి లైట్లార్పే ఒప్పందం కూడా చేసుకోండి, ఎ షిఫ్ట్ వారంలో అయితే తొమ్మిదిన్నరకే.

వచ్చే వీక్లీ ఆఫ్‌కి నాలుగింటికల్లా ఇద్దరూ బీచ్‌కెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళకండి. సబ్‌మెరైన్ ముందు మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని మీరు నిలబడితే ఆయన ఫోన్లో తీస్తారు, మీ నీడ ఎటు పడిందో చూసుకుని డైనోసార్‌ని అక్కడ పెడతారు.